పేర్ల బంగ్లా

పోయినేడు మృగశిర కార్తెలో మా ఇంటికి ఒక అవ్వ వచ్చింది. ఈ ఉగాదికి ముందే కన్ను మూసింది. ఆమె లేదు గనకనే ఇప్పుడు నోరు తెరిచి ఈ సంగతి చెబుతున్నాను, ఉంటే చచ్చినా చెప్పేదాన్ని కాదు. చెప్పాల్సిందల్లా మృగశిర నుంచి పెద్దల అమావాస్య దాకా జరిగిందే. ఆ మూడున్నర నెలల్లో మా నాయనకు ఒక తల్లి దొరికింది. ఆయన పోగొట్టుకున్నదేమిటో నాకూ లింగప్ప మామకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మా ఊరు గుంతకల్లు నుంచి బస్సులో ముక్కాలు గంట. ఊరి చివర మిషన్ దొరలు కట్టించిన రాతి బంగ్లా ఉంది. కట్టి నూట ముప్పై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు అది కరువు పిల్లల హాస్టలు. హాస్టలు మూతబడ్డాక గబ్బిలాలు కాపురం పెట్టాయి. వాటిని తరిమి, బీరువాలు చేర్చి, మా నాయనా లింగప్ప మామా దాన్ని పేర్ల బంగ్లా చేశారు. బాప్తిస్మం రిజిస్టర్లు, హాస్టలు చేరిక పుస్తకాలు, సమాధుల పుస్తకం, మూతబడిన బళ్ళ అడ్మిషన్ పుస్తకాలు, ఎద్దు మీద ఊరూరా తిరిగి వంశాలు చదివేవాళ్ళ నోటి నుంచి లింగప్ప మామ రాసుకున్న నోటుబుక్కులు, అన్నీ అక్కడే. తాత ముత్తాతల పేర్లు కావాలంటే ఎవరైనా మా దగ్గరికి రావాల్సిందే. రుసుము లేదు, మాకు జీతాలూ లేవు. పైకప్పు రెండు చోట్ల కారుతుంది, కానీ మా జిల్లాలో అదేమంత పెద్ద ఇబ్బంది కాదు.

మా నాయన పేరు యేసన్న. గుంతకల్లు రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. లింగప్ప మామ ఆయన స్నేహితుడు, పోస్టుమ్యానుగా చేశాడు. ఏ తలుపు వెనక ఎవరున్నారో ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. నేను కృపాకుమారిని. పొద్దున ఇంట్లో మిషను మీద బట్టలు కుడతాను, మధ్యాహ్నం నుంచి బంగ్లాలో పుస్తకాలు తీసిపెడతాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడగొద్దు. అది వేరే కథ, పైగా అంత బాగుండదు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో మేమిద్దరమే.

బంగ్లాలో మా నాయన పెట్టిన రూలు ఒకటుంది. ఒకరు చెప్పిన పేరును పెన్సిలుతో రాయాలి. ఇంకొకరు సాక్ష్యం చెప్పి సంతకం పెడితేనే దాని మీద సిరాతో దిద్దాలి. ఎంత పెద్ద మనిషి వచ్చి గడ్డం పట్టుకున్నా ఈ రూలు కదల్లేదు. మా ఊళ్ళో ఎవరి మాట మీదైనా నమ్మకం కుదరకపోతే "అదంతా పెన్సిలు మాటలేప్పా" అంటారు, అంతగా పాకిపోయింది.

అందరి వంశాలూ రాసే మా నాయనకు సొంత వంశం లేదు. హాస్టలు చేరిక పుస్తకంలో ఆయన గురించి ఉన్నది రెండే వరుసలు. "అబ్బాయి. సుమారు నాలుగేళ్ళు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద దొరికాడు. పేరు అడిగితే ఒకటి నుంచి పది దాకా లెక్క పెడుతున్నాడు." అది పెద్ద కరువు ఏడు. యేసన్న అన్న పేరు హాస్టలు వాళ్ళు పెట్టింది. ఆయన వంశం కాగితం కూడా బీరువాలో ఉంది. పైన తల్లి, తండ్రి అన్న రెండు గళ్ళు ఖాళీ. ఈ బంగ్లా ఎందుకు తెరిచావు నాయనా అని నేనొకసారి అడిగితే, "నన్ను యెతుక్కుంటా ఎవురన్నా వస్తే ఈడికే రావల్ల కదమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మృగశిర పుట్టి నాలుగు రోజులైనా చినుకు లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు బంగ్లా మెట్లెక్కారు. ఒకామె యాభై దాటిన కూలిమనిషి, పేరు మారెక్క. ఆమె చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది వాళ్ళమ్మ హనుమక్క. ఎనభై దాటి ఉంటాయి. ఎముకలూ కళ్ళూ తప్ప ఆమెలో ఇంకేమీ మిగల్లేదు.

"మాది చిలమత్తూరు పక్క పల్లె సార్. ఫోన్లో మీ బంగ్లా వీడియో చూసినాం. మాయమ్మకు కొడుకును యెతికి పెట్టల్ల" అంది మారెక్క.

"ఎప్పుడు తప్పిపోయినాడమ్మా?" అన్నాడు నాయన.

"తప్పిపోలేదు నాయనా" అంది ముసలామె. "నేనే ఇచ్చేస్తి."

నాయన పెన్సిలు పక్కన పెట్టాడు.

"కరువేడు. కాలవ పనికని బళ్ళారి పక్క పోతాంటిమి. గుంతకల్లులో బండి మారల్ల. పిల్లోనికి ఒళ్ళు కాలిపోతాండాది. తెల్లకోక కట్టుకున్నామె ఒకామె వచ్చి, ఈడుంటే సస్తాడు, నాకియ్యి, బాగైనాక వచ్చి తీసుకుపో అనె. ఇచ్చేస్తి. ఎవురూ గుంజుకోలేదు. ఈ చేతులతోనే ఇచ్చేస్తి."

"యా ఊరో అడగలేదా అవ్వా?" అన్నాను నేను.

"అడిగితి. ఆమె చెప్పె. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగలేదు తల్లీ. బండెక్కేలోగా మరిచిపోతి. ఏడాదికి మళ్ళా వచ్చి గుంతకల్లులో ఆసుపత్రులన్నీ తిరిగితిమి. ఊరి పేరు చెప్పమంటారు. నేను ఏం చెప్పల్ల? రామాంజి అని పేరు. మూడేండ్లు."

నాయన ఆ ఏటి చేరిక పుస్తకం తెచ్చి వేలు పెట్టి చదువుతూ వచ్చాడు. తన సొంత వరుసలు దాటి ఇంకో మూడు పేజీలు తిప్పాక ఆగాడు. "రామాంజి. సుమారు మూడేళ్ళు. జ్వరం. తల్లి స్వయంగా ఇచ్చింది." ఆయన ముఖం వెలిగిపోయింది. ఎవరి పేరు దొరికినా ఆయనకు అంతే, పండగే. నా వైపు తిరిగి సమాధుల పుస్తకం కూడా ఒకసారి చూడమన్నాడు. అది మా అలవాటు, రెండు పుస్తకాలూ చూడనిదే మాట చెప్పం.

నేను చూశాను. రామాంజి, జ్వరం, చేరిన పదకొండో రోజు, నలభై ఒకటో నంబరు. పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపి ఆ వరుస మీద వేలు పెట్టాను. ఆయన చదివి పుస్తకం మూశాడు.

ఇలాంటి చావు కబురు చెప్పడం మాకు కొత్త కాదు. నాయనకు ఒక పద్ధతి ఉంది. ముందు మంచినీళ్ళు ఇస్తాడు. తర్వాత వెళ్ళి పక్కన కూర్చుంటాడు. అప్పుడు చెబుతాడు. ఆ రోజూ నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, రాబోయే ఏడుపు చూడలేక.

"మీ పిల్లోడు మా హాస్టలుకే వచ్చినాడమ్మా" అని మొదలుపెట్టాడు.

ముసలామె నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తోంది. "నువ్వూ ఈడోనివేనా?"

"ఈడనే పెరిగినానమ్మా."

"నిన్నెవురు తెచ్చినారు?"

"తెలీదు. గుంతకల్లు టేసన్లో దొరికినానంట."

"యా ఏడు?"

"కరువేడు" అన్నాడు నాయన. ప్రతి మాటా నిజమే. ఆయన ఆమె అడిగినదానికి జవాబు చెబుతున్నాడు, అంతే. ఏం జరుగుతోందో ఆయనకు అర్థమయ్యేలోగా ఆమె గ్లాసు నేల మీద పెట్టి రెండు చేతులతో ఆయన ముఖం పట్టుకుంది. అరవై నాలుగేళ్ళ మనిషి, నెరిసిన మీసం, బట్టతల. ఆమె ఆ తలంతా తడిమింది.

"రామాంజీ" అంది. "నా రామాంజివే కదా నువ్వు?"

లింగప్ప మామ గొంతు సవరించుకున్నాడు. నేను నాయన వైపే చూస్తున్నాను.

"ఊ" అన్నాడు.

సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ మా ఇంట్లో అన్నం తింటుంటే వాకిట్లో లింగప్ప మామ నాయనను నిలదీశాడు.

"సచ్చిపోయిన పిల్లోని పేరు పెట్టుకుంటివి కదప్పా యేసన్నా. ఇది న్యాయమా?"

"ఆయమ్మకు ఎనబై దాటినాయి. అరవై ఏండ్లుగా ఊరి పేరు మరిచిపోయినానని తలకాయ కొట్టుకుంటాండాది. ఇప్పుడు తీసుకుపోయి నలబై ఒకటో నంబరు చూపిచ్చమంటావా?"

"నీ సంగతేంది మరి? నీ వాళ్ళు వస్తే?"

"అరవై ఏండ్లు రానోళ్ళు ఇప్పుడొస్తారా?" అన్నాడు నాయన. అని లోపలికి వెళ్ళి అవ్వ పక్కన కూర్చుని తిన్నాడు.

మారెక్క రెండు రోజులుండి బయల్దేరింది. బెంగళూరులో బిల్డింగు పని ఉంది, పోకపోతే మేస్త్రీ వేరేవాళ్ళను పెట్టుకుంటాడు. అవ్వ మాత్రం కదల్లేదు. "ఒగసారి ఇడిసి పోయినాను. మళ్ళా పోను" అంది. పోయే ముందు మారెక్క బంగ్లా చూసి వెళతానంటే అందరం కలిసి వెళ్ళాం. అక్కడ అవ్వకు ఎవరు చెప్పారో, పేర్లు రాస్తారని తెలిసింది. తన పేరు రాయమని పట్టుబట్టింది.

నాయన తన కాగితం తీశాడు. అలవాటుగా పెన్సిలు అందుకున్నాడు.

"అది చెరిగిపోతాదా?" అంది అవ్వ.

పుట్టుక గురించి అబద్ధం ఆడగలిగిన మనిషి పెన్సిలు గురించి ఆడలేకపోయాడు. "చెరిగిపోతాదమ్మా" అన్నాడు.

"చెరిగిపోయేది నాకొద్దు నాయనా."

ఆయన పెన్సిలు పెట్టేసి పెన్ను తీశాడు. లింగప్ప మామ కుర్చీలోంచి లేచాడు. "నేను సెయ్యి పెట్టను యేసన్నా" అని వరండాలోకి వెళ్ళిపోయాడు. తల్లి అన్న గడిలో నాయన హనుమక్క అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. సాక్షి సంతకం చోటు ఖాళీగా ఉంది. ఆయన నన్ను అడగలేదు, నా వైపు చూడను కూడా లేదు. నేనే పెన్ను లాక్కుని సంతకం పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, నా చేతిరాతతో సహా.

ఇక మా ఇంట్లో మొదలైంది భాగోతం. పొద్దున్నే అవ్వ లేచి నాయనను లేపేది. ఆయన బట్టతలకు ఆముదం రాసేది. నేను రోజూ వండే అన్నం మానిపించి రాగి సంగటి కెలికి, ముద్ద చేసి, వద్దన్నా ఆయన నోట్లో పెట్టేది. "ఎండలో తిరగాకు", "కాలికి చెప్పులేసుకో", "ఆ లింగప్పతో జాగ్రత్త, వాని చూపు మంచిది కాదు" అని హితవులు. మా నాయన చిన్న పిల్లవాడిలా తల ఊపేవాడు. ఆదివారం మాతో పాటు చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చునేది. పాస్టరు గారు ఆమెన్ అనగానే అందరికన్నా గట్టిగా "ఆమెన్, అట్లే కానీ సామీ" అనేది. మొదట్లో పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్ళూ అట్లే అనడం నేర్చుకున్నారు.

ఒక్కటే కష్టం. ఆయనను కంటి ముందు నుంచి కదలనిచ్చేది కాదు. వీధిలోకి వెళితే చొక్కా అంచు పట్టుకుని నడిచేది. బంగ్లాకు వస్తే గడపలో కూర్చుని మా చేనులో నిరుడు పండిన శెనక్కాయలు ఒలిచేది. ఆయన రెండు నిమిషాలు కనబడకపోతే "రామాంజీ" అని కేక. ఆయన ఎక్కడున్నా "వస్తాండామ్మా" అనేవాడు. నాకు కొంచెం అసూయగా ఉండేది, ఒప్పుకుంటాను. నాయన అంత సంతోషంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు, మా అమ్మ ఉన్నప్పుడు కూడా.

ఆషాఢంలో రెండు వానలు పడ్డాయి. ఆశపడి జనం విత్తనం వేశారు, మళ్ళీ మబ్బు తెల్లబడింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం బంగ్లా వెనక సమాధుల దొడ్లో నాయన గడ్డి పీకుతున్నాడు. పెద్దల సమాధులకు పేర్లున్నాయి, పిల్లలవాటికి నంబరు చెక్కిన చిన్న రాయి మాత్రం. ఆయన నలభై ఒకటో రాయి చుట్టూ శుభ్రం చేస్తున్నాడని నేను దూరం నుంచే గుర్తుపట్టాను. అవ్వ ఎప్పట్లాగే వెనకాలే ఉంది.

"ఎవురిదప్పా అది?"

"ఎవురో పిల్లోనిదమ్మా."

"అయ్యో. వాళ్ళమ్మ యాడుందో పాపం" అంది అవ్వ. వంగి, ఒడిలోని శెనగ్గింజలు నాలుగు తీసి ఆ రాయి మీద పెట్టింది. నాయన గడ్డి పీకడం ఆపలేదు. ఆయన భుజాలు కదులుతున్న తీరు చూసి నేను దగ్గరికి వెళ్ళకుండానే తిరిగి వచ్చేశాను.

వినాయకుని నిమజ్జనం అయిన మూడో రోజు, పదకొండు గంటల బస్సుకు ఒక పెద్దావిడ దిగి నేరుగా బంగ్లాకు వచ్చింది. మంచి పట్టు అంచు నేతచీర, చేతిలో గుడ్డసంచి. గడపలో అవ్వ, లోపల బల్ల దగ్గర నాయన, బీరువా దగ్గర నేను. లింగప్ప మామ దినపత్రిక చదువుతున్నాడు.

"నా పేరు సుబ్బలక్ష్మమ్మ సార్. ధర్మవరం. మేం చీరలు నేసేవాళ్ళం. మీ బంగ్లా సంగతి ఫోన్లో మా మనవరాలు చూపిచ్చింది. నా తమ్మున్ని యెతుక్కుంటా వచ్చినాను."

నాయన కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చాడు.

"కరువేడు నూలు లేదు, కూడు లేదు. ఆదోని మిల్లులో పని దొరుకుతాదని మా నాయన అందరినీ పిలుచుకొని బయల్దేరె. గుంతకల్లులో బండి మారల్ల. ఒగటే జనం. నాయన ఒగ పెట్టెలో ఎక్కె, అమ్మ ఆడోళ్ళ పెట్టెలో ఎక్కె. తమ్ముడు నాయన దగ్గరుండాడని అమ్మ, అమ్మ దగ్గరుండాడని నాయన."

"నువ్వు?" అన్నాడు నాయన.

"నేనే కదా సార్ వాణ్ణి బెంచీ మీద కూచోబెట్టింది. నీళ్ళు తెస్తా, నేనొచ్చే దాకా లెక్క పెడతా ఉండు అని చెప్తి. వానికి నేనే నేర్పించింటి, పది దాకానే వచ్చు. పది అయిపోతే మళ్ళా ఒకటి నుంచి పెట్టు అంటి. చెంబు నిండేలోగా బండి కూసె. అమ్మ నా రెక్క పట్టుకొని లోపలికి గుంజె. తమ్ముడు బెంచీ మీదుండాడు అంటాండా, ఆ గోలలో ఎవురింటారు? పక్క టేసన్లో దిగి పరిగెత్తుకొని వస్తిమి. బెంచీ మీద ఎవురూ లేరు."

లింగప్ప మామ చేతిలో పత్రిక కిందికి దిగింది. నా చేతులు బీరువా తలుపు మీదే ఉండిపోయాయి. చేరిక పుస్తకంలోని ఆ రెండు వరుసలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కంఠస్థం. ఇప్పుడు వాటిని రాయించిన మనిషి మా ఎదురుగా కూర్చుని మా గ్లాసులో నీళ్ళు తాగుతోంది.

"మీ తమ్ముని పేరేందక్కా?" అన్నాడు నాయన. బంగ్లాకు వచ్చే ఏ ఆడమనిషినైనా ఆయన అమ్మా అనే పిలుస్తాడు.

"నాగేశ్వర."

మా నాయన పెదాలు ఆ పేరును పలికి చూసుకున్నాయి, శబ్దం రాలేదు. అరవై ఏళ్ళ తర్వాత ఆయన తన పేరు విన్నాడు.

"మాయమ్మ సచ్చేదాకా వానికి కర్మ చెయ్యనియ్యలేదు" అంటోంది ఆమె. "ఒగసారి దర్భల బొమ్మ కాల్చి దినాలు చేస్తే, ఆ మనిషి తిరిగొచ్చినా గడప తొక్కగూడదు, మా పెద్దోళ్ళు అట్ల అంటారు. అందుకని చెయ్యనియ్యలేదు. నాకు చెప్పి పోయింది, అన్ని తావులా యెతుకు, దొరక్కపోతే నువ్వు పోయేలోగా మాత్రం చెయ్యి, లేకుంటే వానికి ముద్ద పెట్టేవాళ్ళుండరు అని. నాకు డెబ్బై వచ్చినాయి, గుండెకు ఆపరేషన్ అయింది. ఇంగ మీ బంగ్లా ఒగటే మిగిలింది. ఈడ కూడా లేడంటే ఈ పెద్దల అమావాస్యకు ముగిచ్చేస్తాం."

గడపలో శెనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. "తల్లీ" అని పిలిచింది అవ్వ. "బాధ పడాకు. నాకూ ఇట్లనే పోయినాడు నా కొడుకు. అరవై ఏండ్లకు ఈడనే దొరికినాడు. వీడే." బల్ల వైపు గర్వంగా చెయ్యి చూపింది. "నీ తమ్ముడూ దొరుకుతాడు. రామాంజీ, పుస్తకం సరిగా చూడప్పా ఆయమ్మకు."

సుబ్బలక్ష్మమ్మ వెనక్కి తిరిగి అవ్వకు దండం పెట్టింది. "నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అంది.

నాయన పుస్తకం తెరిచాడు. ఆయన వేలు తన వరుసల మీదికి వచ్చి, అక్కడ ఆగి, కిందికి జరిగింది. పేజీలన్నీ తిప్పాడు. నేను గట్టిగా అరవాలనుకున్నాను. అరిస్తే గడపలో ఉన్న ఆ ఎనభై ఏళ్ళ మనిషి రామాంజిని రెండోసారి పోగొట్టుకుంటుంది, ఈసారి నిజంగా. బీరువా తలుపు మూసేశాను.

"ఆ పేరుతో ఈడికి ఎవురూ రాలేదక్కా" అన్నాడు నాయన. అదీ నిజమే.

ఆమె సందర్శకుల పుస్తకంలో ఊరూ ఫోన్ నంబరూ రాసి లేచింది. బస్సు దాకా వస్తానని నాయన బయల్దేరితే అవ్వ చొక్కా అంచు పట్టుకుని తనూ నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన ఏదో ఒక మాట చెబుతాడని, చెప్పే సందు దొరుకుతుందని ఆశ. అవ్వ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. బస్సు కదిలేటప్పుడు సుబ్బలక్ష్మమ్మ కిటికీలోంచి వంగి, "ఏమనుకోవద్దు సార్, నీ మొగం చూస్తే మా నాయన గుర్తొస్తాండాడు" అంది. నాయన ఆ కిటికీ కడ్డీ మీద చెయ్యి వేసి బస్సుతో పాటు నాలుగడుగులు నడిచాడు. అవ్వ చొక్కా లాగింది. ఆయన ఆగిపోయాడు.

అమావాస్యకు పదమూడు రోజులు ఉన్నాయి. ఆ రోజే నేను పెరట్లో ఆయనతో కొట్లాడాను.

"ఫోన్ చేసి చెప్పు నాయనా."

"చెప్తే ఆ పొద్దే బండెక్కి వస్తాది కదమ్మా. అరవై ఏండ్లు యెతికిన మనిషి తమ్మున్ని చూడకుండా ఉంటాదా? వస్తే నన్ను పట్టుకొని ఏడుస్తాది. ఈయమ్మకు తెలీకుండా ఉంటాదా?"

"అయితే నువ్వే పో. ధర్మవరం ఎంత దూరం? పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు. అక్కకు అంతా చెప్పి, అవ్వ ఉన్నంత కాలం ఈడికి రావద్దని చెప్పు."

"పోతా" అన్నాడు. నిజంగానే పోవాలనుకున్నాడు. ఒకరోజు అవ్వకు జ్వరం. ఇంకోరోజు ఆమె కాలు బెణికింది. ఇంకోరోజు ఆయనే "రేపు" అన్నాడు. లింగప్ప మామ ప్రతి సాయంత్రం వచ్చి వాకిట్లో కూర్చుని ఏమీ అడగకుండా లేచిపోయేవాడు. చివరికి అమావాస్య ముందు రోజు ఒక్కటే మిగిలింది. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెన్షన్ పని మీద గుంతకల్లు పోయి సాయంత్రానికి వచ్చేస్తానని అవ్వకు చెప్పాడు.

అవ్వ అరవలేదు, ఏడవలేదు. వాకిలి గేటుకు అడ్డంగా నేల మీద కూర్చుంది.

"గుంతకల్లా?" అంది. "పోయిరా అప్పా. నేనీడనే కూచునుంటా. ఆ పొద్దు నేను కూడా తొందరగా వస్తానని చెప్పే పోయినాను."

నాయన గేటు దగ్గర నిలబడ్డాడు. తొమ్మిదిన్నర బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా మడిచి నా చేతికిచ్చి, అవ్వ పక్కన మట్టిలో కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. అటు పక్క పిండి రుబ్బుతున్న చప్పుడు, మనుషుల మాటలు. "హలో, ఎవురు?" అంది సుబ్బలక్ష్మమ్మ గొంతు. నాయన ఎప్పుడు వచ్చాడో, నా చేతి మీద తన చెయ్యి వేశాడు. లాక్కోలేదు, వేశాడంతే. "హలో, ఎవురమ్మా?" అని ఇంకోసారి వినబడింది. నేను ఫోన్ పెట్టేశాను. ఆ పని ఎందుకు చేశానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. చేయకపోయినా తిట్టుకునేదాన్నే.

మరుసటి రోజు అవ్వ తలకు పోసుకుని పొయ్యి ముందు కూర్చుంది. యేసు ఇంట్లో పెద్దలకు పెట్టుకోవచ్చా అని నన్ను అడిగింది. పెట్టుకో అవ్వా అన్నాను. అలసంద వడలు, బెల్లం పాయసం, వంకాయ కూర చేసింది. మొగునికీ అత్తమామలకూ గోడవారన విస్తర్లు వేసి, పేరు పేరునా పిలిచి వడ్డించింది.

"ఊళ్ళో అందరూ వీనికి కూడా విస్తరెయ్యమనిరి" అంది నాతో. "ఏ ఏడూ ఎయ్యలేదు తల్లీ. మొగుడు కొట్టినా ఎయ్యలేదు. నా కొడుకు బతికుండాడని నాకు తెలుసు."

ఆ తర్వాత నాయనను కూర్చోబెట్టి ఆయనకూ విస్తరి వేసింది. పన్నెండున్నర అయింది. ధర్మవరంలో బొమ్మ కాలిపోయి ఉంటుంది, ఇప్పుడు వాళ్ళ అక్క ఆయన పేరు పిలిచి అన్నం పెడుతూ ఉంటుంది. ఈ సంగతి నేను అనుకున్నాను, ఆయనా అనుకున్నాడు. ఒకరినొకరం చూసుకోలేదు.

"తినప్పా" అంది అవ్వ.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది దిగలేదు. పొలమారింది. దగ్గి దగ్గి ముఖం ఎర్రబడి, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అవ్వ ఎడమ చేత్తో ఆయన నడినెత్తి మీద తట్టింది.

"మెల్లగా, మెల్లగా. ఎవురో తలుచుకుంటాండారు నిన్ను." నీళ్ళ చెంబు అందిస్తూ నవ్వింది. "ఎవురై ఉంటారప్పా? నేనీడనే ఉండానే."

నాయన నీళ్ళు తాగాడు. పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవురూ లేరమ్మా" అన్నాడు.

అవ్వ ఆయన విస్తట్లో ఇంకో వడ వేసింది. ఆయన తల వంచుకుని అంతా తిన్నాడు.